తుడవని పలక

జనవరి 20. గాలి ఈశాన్యం నుంచి, గంటకి ఆరు మైళ్ళు. చూపు పదిహేను కిలోమీటర్లు.

ఈ రెండు ముక్కలూ రాయకుండా పేజీ మొదలుపెట్టడం నాకు చేతకాదు. పైలట్లకి దారులు వేసిచ్చే ఉద్యోగం పోయి ఇరవై రెండేళ్ళు ఇంట్లో కూర్చున్నా, పొద్దున్నే గుమ్మంలో నిలబడి గాలి ఎటు వీస్తోందో చూసుకునేదాన్ని. నన్ను అడిగేవాళ్ళు ఎవరూ లేరు. అయినా చూసేదాన్ని.

నిన్న తెల్లదిన్నె విమానాల మైదానం అధికారి బాలస్వామి మా ఇంటికొచ్చాడు. చెప్పులు బయట విడిచి, మంచినీళ్ళు తాగి, అసలు సంగతి చెప్పడానికి పావుగంట తీసుకున్నాడు.

"త్రిపురమ్మగారూ, వాణమ్మ ఈ నెలాఖరుకి ఆగిపోతోందండీ."

వాణమ్మ మనిషి కాదు. విమానంలో కూర్చోగానే పేరు పెట్టి పలకరించి, ఎడమకి తిరుగు, ఇంకాస్త ఎత్తుకి వెళ్ళు, ముందు మబ్బుంది వెనక్కి పద అని చెప్పే గొంతు. పైనున్న ఉపగ్రహాలే దాని కళ్ళు. అవి ముసలివైపోయి ఒక్కొక్కటే రాలిపోతున్నాయట. కొత్తవి పైకి చేరడానికి అయిదు నెలలు పడుతుంది. అందాకా చిన్న విమానాలు పగటిపూట మాత్రమే, అదీ చేత్తో వేసుకున్న ప్లానుతోనే ఎగరాలి.

"మా దగ్గర లైసెన్సు తీసుకున్న కొత్త పైలట్లు నలభై మంది ఉన్నారండీ. ఒక్కరికీ మ్యాపు మీద స్కేలు పెట్టడం రాదు. మీరు వాళ్ళకి నాలుగు రోజులు పాఠం చెప్పి, ఒక దారిపుస్తకం రాసిపెట్టాలి. ఏ దారిలో ఏ గుర్తులు, ఎన్ని నిమిషాలు, ఛార్జింగ్ ఎంత, అన్నీ."

"నన్ను ఇంటికి పంపినప్పుడు, ఇక నీ అవసరం లేదన్నారు కదా?" అన్నాను.

"అప్పుడు నేను ఏడో తరగతండీ," అన్నాడు పాపం.

కాసేపు బెట్టు చేశాను. నిజానికి అతను నోరు తెరవకముందే ఒప్పుకున్నాను.

జనవరి 21. గాలి తూర్పు, నాలుగు. చూపు పన్నెండు.

ప్లానింగ్ గది తాళం రాలేదు. గొళ్ళెం ఊడబీకి తెరిచారు. లోపల గబ్బిలాల కంపు. కానీ బల్ల అక్కడే ఉంది. గోడకి కొట్టిన మేకులు అక్కడే ఉన్నాయి. నాకు ఏడుపొచ్చింది. దుమ్ము పడిందని బాలస్వామికి చెప్పాను.

ఆ మేకుల సంగతి రాయాలి. మార్కాపురం పక్కన ఉండి పలకలకి కొదవేముంది? మా దగ్గర పైలట్లు ప్లాను కాగితం మీద రాసేవాళ్ళు కాదు. రెండు పలకల మీద బలపంతో రాసేవాళ్ళు. ఒకటి తొడకి కట్టుకుని పైకి తీసుకెళ్ళేవాళ్ళు, రెండోది ఈ గోడకి తగిలించేవాళ్ళు. దిక్కు, గుర్తులు, ఏ గుర్తు ఎన్నో నిమిషానికి రావాలి, అన్నీ రెండిట్లోనూ ఒకటే. తిరిగొచ్చాక కింద ఖాళీ గడిలో వచ్చిన వేళ రాసి, గోడ పలక తమ చేత్తో తామే తుడుచుకోవాలి. ఇంకొకరు తుడవకూడదు. సాయంత్రం అయిదింటికి నేను గోడకేసి చూసి, తుడవని పలక ఉంటే ఫోను ఎత్తేదాన్ని. అంతకంటే పెద్ద యంత్రం మాకు అవసరం రాలేదు.

గోడ మీద ఇంకా ఒక పలక ఉంది. తడి తగలకుండా దాని మీద అద్దం బిగించింది నేనే. మా పైలట్లందరికీ పెద్దయిన కోటిలింగం మాస్టారి పలక. తెల్లదిన్నె నుంచి నంద్యాల. మే నెల పదకొండు. తిరిగివచ్చిన వేళ అన్న గడి ఖాళీగా ఉంది.

బాలస్వామి దాన్ని తియ్యబోయాడు. చెయ్యి మీద ఒక్కటి వేశాను.

జనవరి 25. గాలి ఆగ్నేయం, అయిదు. చూపు పద్నాలుగు.

పాఠాలు మొదలయ్యాయి. నలభై మందిలో పదకొండు మంది వచ్చారు. మిగతావాళ్ళు అయిదు నెలలు ఇంట్లోనే కూర్చుంటారట. అది కూడా తెలివైన ప్లానే.

వచ్చినవాళ్ళకి ఆకాశం తెలుసు, నేల తెలియదు. కిందకి చూడాల్సిన అవసరం వాళ్ళకి ఎప్పుడూ కలగలేదు. కొత్త మ్యాపుల నిండా అంకెలే. టవర్ ఎంత ఎత్తు, కొండ ఎంత ఎత్తు అంటాయి తప్ప, ఏ వాగు ఎటు వంకర తిరుగుతుందో ఒక్కదాంట్లో లేదు. అందుకని దారులన్నీ నా జ్ఞాపకంలోంచి తీసి రాయిస్తున్నాను. పలకగనుల గుట్టలు, గుండ్లకమ్మ మీద రైలు వంతెన, చింతలచెరువు, కొండల మధ్య కనుమ నోరు... ఒక్కో పేరు రాస్తుంటే కిటికీలోంచి చూస్తున్నట్టే ఉంది. అప్పట్లో మాస్టారు ఖాళీ ఉన్నప్పుడల్లా నన్ను పక్క సీట్లో కూర్చోబెట్టుకుని తిప్పేవారు. "గుర్తులు రాసే మనిషి గుర్తులు చూడాలి గదా" అనేవారు. చింతలచెరువు మీదికి రాగానే రెక్క వంచి నీళ్ళు చూపించేవారు. ఆయనంటే నాకు ఇష్టం. ఈ మాట రాయడానికి ఇంతకాలం పట్టింది.

పదకొండు మందిలో ఎస్తేరు అని ఒకామె ఉంది. ముప్పై అయిదేళ్ళుంటాయి, తేనెటీగలు పెంచుతుంది. ఆమెకి నలభై పెట్టెలున్నాయి. ఇక్కడ పూత అయిపోయింది. నల్లమల అవతల నంద్యాల వైపు పొద్దుతిరుగుడు ఇప్పుడే పూస్తోంది. అడవిలో రోడ్లూ రైలు దారీ మూసేసి పులులకి వదిలేశాక చుట్టూ తిరిగి రోడ్డున వెళ్ళాలంటే మూడు రోజులు. మూడు రోజులు లారీలో ఉడికితే ఈగలు బతకవు. అందుకే ఎస్తేరు అప్పుచేసి పాత రెండు సీట్ల విమానం కొనుక్కుంది. వాణమ్మ చెప్పినట్టు వింటూ ఆర్నెల్లు నడిపింది.

"అత్తా, నాకు పాఠాలొద్దు. నంద్యాల దారి ఒక్కటి చెప్పు చాలు. పెట్టెల్లో తేనె వారానికి మించి లేదు. పంచదార నీళ్ళు పోసి ఎన్నాళ్ళు బతికించేది?"

"దారి ఒక్కటే చెబితే దారి తప్పినప్పుడు ఏం చేస్తావు?"

"తప్పను గదా, నువ్వు చెప్పాక."

ఆ మాటకి నేను ఉబ్బిపోయాను. రాస్తుంటే సిగ్గేస్తోంది.

జనవరి 31. గాలి దక్షిణం, ఏడు. చూపు పది.

వాణమ్మ ఇవాళ ఆఖరి మాట మాట్లాడింది. కొత్తవాళ్ళంతా విమానాల్లో కూర్చుని విన్నారు. "శుభప్రయాణం" అందట. ఇద్దరు ఏడ్చారు. నన్ను ఇంటికి పంపిన గొంతు కోసం నేనైతే ఏడవలేదు, కానీ నవ్వు కూడా రాలేదు.

సాయంత్రం ఎస్తేరుకీ నాకూ పెద్ద గొడవ. ఆమె ఎనిమిది పెట్టెలు ఎక్కించింది. నేను రెండు దింపించాను. బరువు తగ్గితే ఛార్జింగ్ మిగులుతుంది. మాస్టారి లెక్క ప్రకారం బ్యాటరీని మూడు వాటాలు చెయ్యాలి. వెళ్ళడానికి ఒకటి, రావడానికి ఒకటి, భయానికి ఒకటి. భయం వాటా ముట్టుకోకూడదు.

"అవతల ఛార్జింగ్ పెట్టుకుంటా గదత్తా! రావడానికి వాటా ఎందుకు మళ్ళా?"

"అవతలకి చేరితే కదా పెట్టుకునేది."

"రెండు పెట్టెలంటే యాభై వేల ఈగలు. వాటికేం చెప్పమంటావు?"

"రేపు వస్తానని చెప్పు."

గొణుక్కుంటూ దింపింది. తర్వాత ఇద్దరం కూర్చుని పలకలు రాశాం. తొమ్మిదో నిమిషం పలకగుట్టలు. పదిహేడు, రైలు వంతెన. ఇరవై ఎనిమిది, చింతలచెరువు. దాని నడిమధ్యకి వచ్చాక ఎడమకి తిరగాలి. ముప్పై ఎనిమిది, కనుమ నోరు. అరవై ఒకటి, నంద్యాల. చివర్న నేనే ఒక మాట రాయించాను: గుర్తు కనపడకపోతే ముందుకి వెతకొద్దు, చివరిసారి నిజంగా చూసిన గుర్తు దగ్గరికి తిరిగిరా.

అంకెలన్నీ ఒకసారి మాస్టారి పలకతో సరిచూసుకున్నాను. ఒక్క నిమిషం తేడా లేదు. గర్వంగా అనిపించింది.

ఫిబ్రవరి 2. గాలి ఉత్తరం, ఆరు. చూపు పదమూడు.

నిన్నంతా మబ్బు పట్టడంతో ఆగిన ఎస్తేరు ఇవాళ ఏడున్నరకి గాల్లోకి లేచింది. ఎనిమిదిన్నర దాటాక నంద్యాల నుంచి ఫోను రావాలి. తొమ్మిదైంది. తొమ్మిదింబావుకి నేనే చేశాను. రాలేదన్నారు.

బాలస్వామి గదిలో అటూ ఇటూ తిరుగుతున్నాడు. "వెతకడానికి ఎవరిని పంపమంటారండీ? పంపినవాళ్ళకి దారెవరు చెబుతారండీ?" అన్నాడు. గోడ మీద రెండు పలకలు పక్కపక్కన ఉన్నాయి, ఒకటి అద్దం వెనక, ఒకటి బయట. చేతిరాత తప్ప తేడా లేదు. బల్ల పట్టుకుని కూర్చున్నాను.

పదకొండు పదికి ఫోను మోగింది. రైలు వంతెన దగ్గర గేటు కాపలా ఉండే మనిషి.

"ఎవరో ఆడమనిషండీ, ఏట్లో ఇసుక మీద ఇమానం దించింది. దెబ్బలేం లేవు. ఈగలు మాత్రం మమ్మల్ని కుడతన్నయి."

ఫోను పెట్టేసి అప్పుడు ఏడ్చాను. ఈసారి దుమ్మని చెప్పలేదు.

ఫిబ్రవరి 3. గాలి ఆగ్నేయం, నాలుగు. చూపు పదమూడు.

ఏట్లోనే ఛార్జింగ్ పెట్టించి, పెట్టెలు గేటు దగ్గర వదిలి, ఖాళీ విమానంతో ఎస్తేరు వచ్చింది. తొడకి కట్టుకున్న పలక దిగేటప్పుడు కుదుపుకి రెండు ముక్కలైందట. ఆ ముక్కలు బల్ల మీద పెట్టి, నీళ్ళు తాగి, నిదానంగా చెప్పింది.

"గుట్టలొచ్చినయ్యి. వంతెనొచ్చింది. నిమిషాలు సరిపోయినయ్యి. ఇరవై ఆరు కాడ్నించి చెరువు కోసం చూస్తన్నా. ముందు లేదు, ఎడమ లేదు. అంతా మిరప చేలు. అప్పుడు కుడిపక్క దూరంగా తళతళా నీళ్ళు. గాలి నన్ను ఎడమకి నెట్టిందేమోలే అనుకుని కుడికి పోయా. దాని నడిమధ్యకి పోయి, నువ్వు రాసినట్టే ఎడమకి తిరిగా. పది నిమిషాలకి కనుమ రావాల గదా. రాలా. కొండ. దాని ఎనక ఇంకో కొండ. వాటి మధ్యనే గంటకి పైగా తిరిగా."

"అప్పుడు?"

"నువ్వు రాయించిన ఆఖరు మాట చదువుకున్నా. వంతెన దాకా ఎనక్కొచ్చా. భయం వాటా కూడా అయిపోవచ్చింది. ఆ రెండు పెట్టెలుంటే కొండలోనే దిగేదాన్ని." ఆగి, నా ముఖంలోకి చూసింది. "అత్తా, ఎనక్కొచ్చేటప్పుడు ఎత్తు తగ్గించి చూశా. అవి నీళ్ళు కాదు. సోలార్ ప్యానెల్లు. ఊరంత ఉంది ఆ పొలం. నీ చెరువు లేదత్తా. గేటాయన్ని అడిగా. అది ఎండి పదేళ్ళు దాటింది, కట్ట తెంచి మిరప ఏస్తన్నారు అన్నాడు."

కోప్పడి ఉంటే బాగుండేది. ఆమె కోప్పడలేదు. మెల్లగా, పెద్దదాన్ని నొప్పించకూడదన్నట్టు చెప్పింది. నేను పుస్తకంలో రాసింది నేల కాదు, నా జ్ఞాపకం. దాన్ని నమ్మి ఒక మనిషి కొండల్లోకి వెళ్ళింది.

అయితే ఇంకో మాట నన్ను పట్టుకుంది. దారికి కుడివైపు. ఎస్తేరు చెప్పినదాన్ని బట్టి ఆ పొలం చెరువుకి మూడు కిలోమీటర్లు ఉత్తరాన. మాస్టారి విమానం దొరికిన కొండ కూడా దారికి ఉత్తరానే, మూడు కిలోమీటర్ల దూరంలో.

ఫిబ్రవరి 4. గాలి చూడలేదు.

పొద్దుటి నుంచి పాత ఫైళ్ళు తిరగేశాను. మాస్టారు పోయిన ఏడాది హెచ్చరికల కట్ట అడుగున దొరికింది. మే తొమ్మిదో తేదీ, నా సంతకంతో అందుకున్న కాగితం: చింతలచెరువుకి ఉత్తరాన సోలార్ పొలం బిగింపు పూర్తయింది, ఎత్తు రెండు మీటర్లు.

ఎత్తు రెండు మీటర్లు. మా పద్ధతిలో ముప్పై మీటర్లు దాటినవే మ్యాపులో గుర్తు పెట్టేవాళ్ళం. విమానానికి తగిలేవే ప్రమాదమని మా నమ్మకం. కాగితం ఫైల్లో పెట్టి, మ్యాపు ముట్టుకోలేదు. మాస్టారికి చెప్పనూ లేదు. పైనుంచి చూస్తే అది చెరువులా కనిపిస్తుందని ఎవరికీ తోచలేదు.

అది కరువు సంవత్సరం. మేలో చింతలచెరువు అడుగంటి నేలరంగులో కలిసిపోయి ఉంటుంది. ఆ రోజు దుమ్ము, చూపు మూడు కిలోమీటర్లని నా లాగ్‌లోనే ఉంది. ఎదర నీళ్ళు లేవు, దుమ్ములోంచి కుడిపక్క ఏదో మెరిసింది. తిరిగారు. ఎస్తేరుకి దొరికిన పది నిమిషాలు ఆయనకి దొరకలేదు. దుమ్ములో కొండ ముందే వచ్చేసింది.

విచారణలో రాసిందేమిటి? పైలట్ వయసు అరవై ఒకటి, చూపు మందగించడం వల్ల. అది చదివి అందరూ తలూపారు. మనుషుల కళ్ళని నమ్మకూడదని చెప్పి వాణమ్మని తప్పనిసరి చేశారు. నేనూ లోపల్లోపల ఆ మాట నమ్మాను. పెద్దాయన మొండికేసి వెళ్ళాడని మనసులో తిట్టుకున్నాను కూడా. మాస్టారి చూపులో లోపం లేదు. కాగితం నా దగ్గరే ఉంది.

ఫిబ్రవరి 5. గాలి తూర్పు, అయిదు. చూపు పన్నెండు.

కాగితం తీసుకెళ్ళి బాలస్వామి ముందు పెట్టాను. చదివాడు.

"ఇది బయటపెడితే మీ పేరే వస్తుందండీ."

"రావాలి. విచారణ కాగితం కూడా మార్పించు."

"రాస్తానండీ. కానీ ఈ పుస్తకం మాత్రం ఆపేద్దాం. మనకెందుకండీ ఈ తలనొప్పి? అయిదు నెలలు అందరూ కూర్చుంటారు."

గుమ్మంలో నిలబడి వింటున్న ఎస్తేరు లోపలికొచ్చింది. "నా ఈగలు అయిదు నెలలు కూర్చోవు సార్. ఇప్పటికే రెండు పెట్టెలు ఖాళీ అయినయ్యి. ఆ ఏట్లో దిగిన ఆరూ గేటు కాడే ఉన్నయి, అక్కడ పూత లేదు."

బాలస్వామి నావైపు చూశాడు. పుస్తకంలో ఎన్ని గుర్తులు బతికున్నాయో చెప్పమన్నాడు. తెలియదన్నాను. కూర్చుని రాస్తే తెలియదు, వెళ్ళి చూడాలన్నాను.

"ఎవరు చూస్తారండీ?"

"గుర్తులు రాసే మనిషే," అన్నాను.

నా కళ్ళకి ఆపరేషనై రెండేళ్ళయింది, దూరం బాగానే ఆనుతుంది. బీపీ ఉంది, మాత్రలున్నాయి. నడిపేది ఎస్తేరు. ఆమె విరిగిన పలకలో పెద్ద ముక్క తీసుకుని బరువు లెక్కేసింది. నేను రెండున్నర పెట్టెల బరువట. "అర తగ్గించుకోరాదా అత్తా, ఇంకొకటి పట్టుద్ది," అంది. మూడు రోజుల్లో మొదటిసారి అందరం నవ్వాం.

ఫిబ్రవరి 7. గాలి ఈశాన్యం, ఆరు. చూపు పద్నాలుగు.

ఏడుంబావుకి గాల్లోకి లేచాం. వెనక మూడు పెట్టెలు, నా ఒళ్ళో పుస్తకం. వంతెన దగ్గరున్న ఆరింటిని మొన్ననే గేటాయన రైల్లో తిప్పి పంపాడు.

ఇరవై రెండేళ్ళ తర్వాత నేలని పైనుంచి చూశాను. పలకగుట్టలు అలాగే ఉన్నాయి, నల్లగా. నాకు పాత స్నేహితురాళ్ళని చూసినట్టుంది. వంతెన ఉంది. ఇరవై ఎనిమిదో నిమిషంలో చింతలచెరువు ఉండాల్సిన చోట ఎర్రగా పండిన మిరప. చెరువు ఆకారం మాత్రం చేలగట్లలో ఇంకా తెలుస్తోంది. తెగిన కట్ట కూడా వంకరగా కనిపించింది. రెక్క వంచమన్నాను. వంచింది. ఇక్కడే మాస్టారు నాకు నీళ్ళు చూపించేవారు.

కుడివైపు చూశాను. మెరుస్తోంది. ఎంత అందంగా ఉందో రాయడానికి చెయ్యి రావడం లేదు. తెలిసి చూస్తున్నా అది నీళ్ళే అనిపించింది. నేనైనా అటే తిరిగేదాన్ని.

"అత్తా, బాగున్నావా?" అంది ఎస్తేరు.

"బాగున్నాను. ఎడమకి తిరుగు."

పుస్తకంలో చింతలచెరువు కొట్టేసి రాశాను: తెగిన కట్ట, చుట్టూ మిరప. కుడివైపు మెరిసేది సోలార్ పొలం, అటు వెళ్ళొద్దు. చెరువుకి ఒకవైపే కట్ట ఉంటుంది, మిగతా అంచులు వంకరటింకర. నాలుగు అంచులూ గీత గీసినట్టుంటే అది నీళ్ళు కాదు. ఎత్తు లేని వస్తువైనా సరే, పైనుంచి కంటికి ఆనితే రాయాలి. ముప్పై ఎనిమిదికి కనుమ నోరు తెరుచుకుంది. అవతల కనుచూపు మేర పసుపు.

నంద్యాలలో పెట్టెల మూతలు తీయగానే ఈగలు మమ్మల్ని లెక్కచెయ్యకుండా పూల మీదికి పోయాయి. ఎస్తేరు చేలోనే కూలబడి చాలాసేపు వాటినే చూస్తూ కూర్చుంది. మధ్యాహ్నం ఛార్జింగ్ పెట్టుకుని వెనక్కి బయల్దేరాం. నాలుగూ పదికి తెల్లదిన్నెలో దిగాం.

ఎస్తేరు గదిలోకొచ్చి గోడ మీది తన పలకలో వేళ రాసి తుడిచింది. తర్వాత విరిగిన ముక్కని చూపించింది.

"రేపటికి తొడకి కట్టుకునే పలక లేదత్తా. బజారుకి పోయి రావాల."

నేను స్టూలెక్కి అద్దం విప్పాను. బాలస్వామి పట్టుకోబోయి ఆగాడు. మాస్టారి పలక కిందికి దించి బల్ల మీద పెట్టాను. ఆయన అంకెలు గుండ్రంగా, ముద్దుగా ఉంటాయి. నాది కాని పలక తుడవకూడదన్న నియమం నాకు తెలుసు. కానీ ఆ పలక మీదున్న ప్రయాణం ఇవాళ పూర్తయింది. అదే దారి, అవే నిమిషాలు. వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చారు.

బలపం తీసుకుని ఖాళీ గడిలో రాశాను. తిరిగివచ్చిన వేళ: 4.10.

కాసేపు చూసుకున్నాను. తర్వాత కొంగు తడిపి, పైనుంచి కిందకి తుడిచి, ఆరబెట్టి, ఎస్తేరు చేతికిచ్చాను.

"జాగ్రత్త, మాస్టారిది," అన్నాను.

ఆమె అక్కడే కూర్చుని రేపటి ప్రయాణం రాయడం మొదలుపెట్టింది. తొమ్మిదో నిమిషం, పలకగుట్టలు.